పదహారుకి తొమ్మిది

టార్టులో జూన్ రాత్రి, పదిన్నరకి ఇంకా వెలుతురే.
కర్టెన్లు వేశాం,
వెలుతురు చెవికి అడ్డమని కాదు,
నా ముఖం ఎండెల్‌కి కనబడకూడదని.
ముఖం జవాబు చెప్పేస్తుంది కదా.
అట్టపెట్టె కోసి తెర కూడా కట్టాను.
తెర వెనక నేను, ఒక పాచిక, రెండు మీటలు.
సరి పడితే పెద్ద ఫైలు, బేసి పడితే చిన్నది.
రెండింటి శబ్దమూ వెంట్రుకవాసి తేడా లేకుండా
తూచి పెట్టాను.

పెద్దది సెకనుని
లక్షా తొంభై రెండు వేల ముక్కలు చేసింది.
చిన్నది నలభై నాలుగు వేల వంద దగ్గర ఆగింది,
మామూలు సీడీ కత్తిరింపు.
పాట ఒకటే.
సారెమా దీవి, రాతి చర్చి, ముప్పై నలుగురి బృందగానం,
టేపు డబ్బా మీద పెన్సిలుతో: ఎనభై ఏడు, మార్చి.

ఎండెల్ కూస్మా
రేడియోలో ముప్పై ఒక్క ఏళ్లు టేపులు కోసి అతికించిన మనిషి.
పాటంటే చెవి కోసుకుంటాడు,
కోయడానికి ఇప్పుడు మిగిలింది సగమే.
ఆస్పత్రి కాగితం మీద గీత
తొమ్మిది వేల దగ్గర మెట్లు దిగి చీకట్లోకి పోయింది.
ఆ పైనున్న రాజ్యమంతా పొంటూది,
సోఫా కింద పడుకున్న కుక్కది.

"వినపడేది కాదోయ్, గాలి," అంటాడు.
"పెద్దదాంట్లో మనుషుల మధ్య గాలి ఉంటుంది.
చిన్నదాంట్లో గోడకి అంటించిన బొమ్మల్లా ఉంటారు."
ఆ గాలి కోసం పెన్షన్లోంచి నెల నెలా మిగిల్చి
నాలుగు హార్డ్ డిస్కులు కొన్నాడు.
చలికాలం బూట్లు మాత్రం పాతవే.

మొదటి మూడూ సరిగ్గా చెప్పాడు.
నా ఒళ్లు జలదరించింది, అబద్ధమెందుకు.
నాలుగు తప్పు. అయిదు తప్పు.
ఆరోసారి పొంటూ తలెత్తి చెవులు నిక్కించింది.
"చూశావా!" అని అరిచాడు ఎండెల్.
మెట్ల మీద పై వాటా హెల్వే తాళాల గుత్తి.
ఫైలేమో చిన్నదే.
ఆ ఆట కొట్టేసి మళ్ళీ ఆడాం.

పన్నెండు వస్తే నమ్ముదామని
ముందే కాగితం మీద రాసుకున్నాం, ఇద్దరి సంతకాలతో.
వచ్చినవి తొమ్మిది.
నాణేన్ని అడిగినా ఎనిమిది చెప్పేది.

ఓదార్చడానికి మాటలు వెతుక్కున్నాను.
నీవి కాకపోతే కుర్ర చెవులు,
ఈ స్పీకర్లు కాకపోతే ఇంకేవో,
ఎక్కడో ఎవరికో వందకి యాభై రెండు వచ్చాయంటారు,
ఉందని ప్రమాణం చెయ్యలేం, లేదనీ చెయ్యలేం...
అతను వినడం లేదు.

"రెండో నిమిషంలో కుర్చీ కిర్రుమంది. విన్నావా?"
విన్నాను. పదహారుసార్లూ.
"అది లీడా. ఆల్టో, రెండో వరస చివర.
నడుం నొప్పి. నిలబడలేక కుర్చీ పట్టుకుని పాడేది.
ఆ కిర్రు కోసెయ్యమన్నారు పైవాళ్లు.
బ్లేడు చేతిలోనే ఉంది. కొయ్యలేదు."

కాసేపు ఆగి,
"చిన్నదాంట్లోనూ ఉందా?"
ఉంది.
"అంతే ఉందా?"
తేడా చెప్పలేకపోయింది నువ్వే కదా, అన్నాను.
అన్నాక నాలిక కరుచుకున్నాను.

కానీ ఓడిపోయినవాడి ముఖం కాదది.
లేచి కర్టెన్ లాగాడు.
పదకొండున్నరకి ఎదురింటి రేకుల కప్పు ఇంకా
పాలరంగులో ఉంది.
"ఇరవై ఏళ్లుగా భయం నాకు,
కుదిస్తే ముందు రాలిపోయేది ఆ కిర్రేనని.
అందుకే ఎవరికీ ఇవ్వలేదు.
పెద్దది ఎవరి ఫోనూ మోయలేదు కదా."

బృందంలో మిగిలినవాళ్లు పదకొండు మంది.
చీటీ మీద నంబర్లు రాసుంచాడు,
ఎప్పటినుంచి ఉంచాడో, మడతల దగ్గర చిరిగింది.
చిన్నదాన్నే పంపాను, ఒక్కొక్కరికీ.
ఒక్కోదానికి తొమ్మిది సెకన్లు పట్టింది.

మరి పెద్దది చెరిపేద్దామా, అన్నాను.
"పిచ్చా నీకు," అన్నాడు.